అడ్డు ఎక్కడ?

జూన్ 26

మినోబే పోయాడు. పొద్దున గేట్‌బాల్ మైదానంలో బంతి కొట్టబోతూ ముందుకు వాలి అలాగే పడిపోయాడట. గుండెపోటు. గుండె డాక్టరు గుండెపోటుతో పోవడంలో ఒక న్యాయం ఉంది.

ఎడమ ముందు ధమని మూసుకుపోయిందని ఆసుపత్రిలో తేల్చారట. నన్నడిగితే ఫోనులోనే చెప్పేవాణ్ణి. గుండె తన రక్తనాళాలను కిరీటంలా పెట్టుకుంటుంది, అందుకే అవి కిరీట ధమనులు. వాటిలో ముందువైపు దిగేదాని గోడలో కొవ్వు పేరుకుంటుంది. దాని మీద పల్చటి పొర. ఏదో ఒక రోజు ఆ పొర చిరుగుతుంది, చిరిగినచోట నెత్తురు గడ్డకట్టి దారి మూసేస్తుంది, ఆ కింది కండ చచ్చిపోతుంది. నలభై ఏళ్లపాటు శవపరీక్ష బల్ల మీద, పోయినవాళ్ల గుండెలు కోసి ఇదే చూపించాను. మినోబే మాత్రం ఊరంతా ఒకటే మాట చెప్పుకు తిరిగాడు: షిబుకావా, రోగి పోయాక గాని తలుపు తట్టని డాక్టరు.

ఈసారీ పోయాకే తెలిసింది. ఉంటే ఆ మాట కూడా అనేవాడు.

జూన్ 26, సాయంత్రం

వాడి భార్య సాయో గారు ఫోన్ చేశారు. ఎల్లుండి అంత్యక్రియల్లో వీడ్కోలు ప్రసంగం నేనే చదవాలట. వాడే చెప్పి ఉంచాడట, షిబూ చేతే చదివించు, తిడతాడు, తిట్టనీ అని.

వాడి ఫొటో ముందు నిలబడి, అందరూ వింటుండగా, వాడు బదులు చెప్పలేనప్పుడు మాట్లాడటం! ఇంత సంతోషం కలిగి ఎన్నేళ్లయిందో.

జూన్ 27

ప్రసంగం అద్భుతంగా వస్తోంది. 

ఇందులో జంట మాటలు వాడకూడదు. ‘మళ్లీ మళ్లీ’ అనో ‘ఇంకా ఇంకా’ అనో నోరు జారితే చావు ఆ ఇంటికే తిరిగొస్తుందని జనం భయం. వట్టి మూఢనమ్మకం. అయినా వెతికి కొట్టేశాను. నా భాషలో తప్పు పట్టే అవకాశం వాడి శిష్యులకు ఎందుకివ్వాలి?

ఒకాయామాలో జరిగిన డాక్టర్ల సభ సంగతి మూడో పేరాలో పెట్టాను. భర్త సముద్రంలో పోయాడన్న వార్త విని ఛాతీ పట్టుకుని కూలబడిన ఒక జాలరి భార్య గుండె బొమ్మను మినోబే ఆ రోజు తెర మీద వేశాడు. కిరీట ధమనులన్నీ శుభ్రం. కానీ గుండె అడుగు ఉబ్బి, మెడ సన్నబడి, అచ్చం మన రేవులో ఆక్టోపస్‌లను పట్టే కుండలా ఉంది. దుఃఖానికి గుండె ఇలా అయిపోతుందన్నాడు. నేను లేచి, “అడ్డు ఎక్కడ? అడ్డు చూపించు, ఒప్పుకుంటాను” అన్నాను. సభంతా నవ్వింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తర్వాత ఆ కుండ పేరుతోనే ఆ జబ్బుకు పుస్తకాల్లో చోటు దొరికింది. నా దగ్గర దొరకలేదు. అప్పట్నుంచీ వాడు ఏటా నాకు పంపే కొత్త సంవత్సరం కార్డు మీద ఒక ఆక్టోపస్ గీసేవాడు. ఏ ఏటికా ఏడు దాని నవ్వు పెద్దదయ్యేది.

చివరికి వాడికి అడ్డు పడింది. వాడి ధమనే నా మాట ఒప్పుకుంది. ప్రసంగం ఈ వాక్యంతో ముగుస్తుంది.

జూన్ 28

నల్ల సూటు వదులైంది. ప్రసంగం జేబులో ఉంది. పొద్దున్నించి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. అజీర్తి.

జూన్ 29, ఆసుపత్రి

నిన్న ఫొటోలో వాడు నవ్వుతున్నాడు. కాగితం విప్పి, “మినోబే” అన్నాను. రెండో మాట రాలేదు. నొప్పి ఎడమ చేతిలోకి పాకింది, చెమటతో చొక్కా తడిసింది.

అంబులెన్సు వాళ్లకు ఏ ధమనో చెప్పాను. ఆసుపత్రిలో హయాసె అనే కుర్ర డాక్టరమ్మకూ చెప్పాను: ఎడమ ముందు ధమని, మొదటి కొమ్మ దాటగానే, నేరుగా అక్కడికే వెళ్లు. సరే సెన్సే అని గురువుకు చెప్పినట్టే చెప్పి, మణికట్టులోంచి కెథీటర్ గొట్టం ఎక్కించింది. నేనూ స్క్రీన్ చూస్తూనే ఉన్నాను. రంగు మందు చివరి కొమ్మల దాకా సాఫీగా పారింది. ఈ వయసులో ఇంత నున్నటి ధమనులు నేను బల్ల మీద కూడా చూడలేదు.

“సెన్సే, అడ్డు లేదండీ.”

“సరిగ్గా చూడమ్మా.”

మళ్లీ చూసింది. తర్వాత గుండె గదిలోకి మందు వదిలింది. మెడ ముడుచుకుంటోంది. అడుగు మాత్రం కదలకుండా ఉబ్బి ఉంది.

“ఇదేమిటో మీకు తెలుసు కదా, సెన్సే.”

ఆ కుండ పేరు నా ముందు ఎత్తొద్దన్నాను.

ఈ మధ్య దగ్గరివాళ్లు ఎవరైనా పోయారా అని మెల్లగా అడిగింది.

లేదన్నాను.

జూన్ 30

ఇది ఎక్కువగా వయసు మళ్లిన ఆడవాళ్లకు వస్తుందట. నర్సులు నా గది దాటాక నవ్వుకుంటున్నారు.

జులై 2

ఇవాళ హాంగెషో. ఊళ్లో ప్రతి ఇంటా ఆక్టోపస్ తినే రోజు. సాయో గారు మైలలో ఉండి కూడా ఆక్టోపస్ అన్నం వండి తెచ్చారు. నా చేతిలోంచి జారిన కాగితాన్ని ఆవిడ చదవకుండానే మడిచి శవపేటికలో వాడి పక్కన పెట్టారట. ఇద్దరూ బూడిదయ్యారు, వాడూ నా ఆఖరి మాటా.

నా గుండె సంగతి హయాసె ఆవిడకు చెప్పేసింది. ఆవిడ నవ్వు ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఆ రుమాలుతోనే కళ్లు తుడుచుకున్నారు.

“ఆయన ఉంటే ఇవాళ నిద్రపోయేవారు కాదు, షిబుకావా గారూ. ఆసుపత్రి గోడ మీద కూడా ఆక్టోపస్ గీసేసేవారు.”

డాక్టర్లు ఉప్పు తగ్గించమన్నారు. పెట్టెలో అన్నమంతా తినేశాను. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది, గట్టు మీద కుండలు ఆరబెట్టారు. హాయిగా ఉంది. ఎందుకో తెలియదు.

జులై 24

గుండె తన ఆకారానికి తిరిగొచ్చింది, ఇంటికి వెళ్లొచ్చంది హయాసె. తిరగబెడుతుందా అన్నాను. కొందరికి తిరగబెడుతుందంది.

మినోబే, మళ్లీ మళ్లీ.