పిలిస్తే పలికే వయొలిన్

12 సెప్టెంబర్
శాలోమి కాలేజీ నోట్‌బుక్‌లో మిగిలిన పేజీల మీద రాస్తున్నాను. నా చదువు ఏడో క్లాసే. తప్పులుంటే ఉండనీ, చదివేదెవరు.
డెంగీ జ్వరంతో నా కూతురు శాలోమి పోయి నెల దాటింది. దాని వయొలిన్ ముందుగదిలో మేకుకి వేలాడుతోంది.

13 సెప్టెంబర్, సాయంత్రం
అలవాటు పోలేదు. శాలోమీ, అన్నానికి రావే అని వంటింట్లోంచి కేకేశాను. ముందుగదిలో ఏదో మూలిగినట్టయింది. వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. వయొలిన్ మీద చెయ్యేస్తే తీగలు ఇంకా వణుకుతున్నాయి.

14 సెప్టెంబర్
పిలిచాను. మోగింది. మా ఆయన మోజెస్‌ని కూడా పిలవమన్నాను. ఆయనది బొంగురు గొంతు. దానికి పలకలేదు. నీకు మతి పోతందే, లోపలికెళ్ళి పడుకో అన్నాడు.

18 సెప్టెంబర్
శాలోమి ఎప్పుడూ ఫోన్‌లో ఆస్ట్రియా దేశపు పాతకాలం వయొలిన్ వినేది. మూడొందల యాభై ఏళ్ళ కిందటి సంగీతమంట. ఏడుపు, యుద్ధం, పిట్టల కూతలు, అన్నీ తీగల్లోనే పలికించేవారంట. కొన్ని పాటలకైతే తీగల శ్రుతే మార్చేసేవారంట.
ఆస్పత్రికి వెళ్ళే ముందురోజు తన వయొలిన్ తీగలూ అలాగే మార్చి బిగించింది. ఇదేటే, తేడాగా ఉంది అన్నాను. తప్పు కాదమ్మా, కావాలనే కట్టేను, ఇప్పుడిది వేరే మనిషి అంది. రేపు వాయిస్తాను సూడు అంది. తెల్లారేసరికి లేవలేకపోయింది.

28 సెప్టెంబర్
ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. మందిరంలో దానికి వయొలిన్ నేర్పిన దయాసాగర్ వచ్చి దాని వయొలిన్ మీదే కీర్తన వాయించాడు. అందరూ ఏడ్చారు. నేను టీ కాస్తున్నాను, చూసుకోలేదు. వెళ్ళేటప్పుడు చెప్పాడు, నాలుగు తీగలూ శ్రుతి తప్పిపోయేయి అక్కా, సరిచేసి పెట్టేను అని.
మంచికే చేశాడు.
సాయంత్రం పిలిచాను. పలకలేదు.

29 సెప్టెంబర్
పలకలేదు.

3 అక్టోబర్
దయాసాగర్‌ని పిలిపించి అంతా చెప్పాను. నాకు కీర్తనలే తెలుసక్కా, ఆ దేశపు శ్రుతులు నేనెరగను అన్నాడు. శాలోమి ఫోన్ చూద్దామంటే దాని లాక్ ఎవరికీ తెలియదు. తీగ దానంతటది మోగదక్కా, ఆ శ్రుతిలోనే ఎవరో ఒకరు పిలవాలి అన్నాడు. అయితే నేను పిలుస్తాను, నువ్వు తీగలు బిగించే బిరడాలు తిప్పు అన్నాను.
శాలోమీ అన్నాను. కొంచెం తిప్పాడు. శాలోమీ. ఇంకొంచెం. పక్కింటి అచ్చియ్యమ్మ గుమ్మంలోకొచ్చి ఏటమ్మా, ఎవల్ని పిలస్తన్నావు అని అడిగి, వయొలిన్ చూసి వెనక్కి వెళ్ళిపోయింది. మా ఆయన విన్నంతసేపు విని చెవులు మూసుకుని వీధిలోకి పోయాడు. చివరి తీగ దగ్గర దయాసాగర్ బిరడా మీంచి చెయ్యి తీసేశాడు. ఇంకా బిగిస్తే తెగిపోద్దక్కా అన్నాడు. తిప్పు బాబూ అన్నాను. నా గొంతు చీరుకుపోయింది.
శాలోమీ.
నాలుగూ ఒక్కసారే పలికాయి. దయాసాగర్ వయొలిన్‌ని మంచం మీద పెట్టేసి దూరంగా నిలబడ్డాడు. నేను టీ ఇస్తే తాగకుండానే వెళ్ళిపోయాడు.

4 అక్టోబర్
పిలిచాను. పలికింది. అన్నం తిన్నాను.

19 అక్టోబర్
ముసురు. చలిజ్వరం. గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప మాట రావడం లేదు. నేను పిలవకపోతే అది ఏమనుకుంటుందో.

21 అక్టోబర్
ఇంకా గొంతు రాలేదు. మా ఆయన ఆటో వేసుకుని రావికమతం పోయాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. నా కంచంలో అన్నం పెట్టుకుంటున్నాను.
వయొలిన్ మోగింది.
ఎవరో ఒకరు పిలవాలి అన్నాడు దయాసాగర్. నేను పిలవలేదు.
ఇంకో కంచం పెట్టాను.