టీ కార్డు మీద నీ అక్షరాలు

అక్కా,

నువ్వు పోయిన ఆరేళ్లకు, ఈరోజు ఇక్కడ మలేషియాలో, మన సుంగై పెటానిలో నీ కూతురి పెళ్లికి ముందు టీ విందు జరిగింది. శాలినికి అంతా పాతకాలం పద్ధతిలోనే కావాలట. కాగితపు పూలు, కార్డులు తన చేత్తోనే చేసుకుంది. నేను యూనివర్సిటీలో ఉండగా నువ్వు రాసిన ఉత్తరాలు అడిగితే, మళ్లీ చదవకుండానే కట్టంతా ఇచ్చేశాను. దానికే కాదు, విందుకొచ్చినవాళ్లెవరికీ తెలుగు చదవడం రాదు. చూడ్డానికి అందంగా ఉందని ఒక వాక్యం ఎంచుకుని ప్రతి కార్డు మీదా నీ చేతిరాతలోనే అచ్చు వేయించింది.

కప్పు పక్కన కార్డు చూశాకే నాకు తెలిసింది. ‘ఈ బిడ్డ నాకొద్దు చెల్లీ’ అని ఉంది. శాలిని నీ కడుపులో ఉన్నప్పటి ఉత్తరం అది.

“అమ్మ ఏటి రాసినాది, పిన్నీ? పెద్ద సదువు సదివినావు కదా, అందరికీ వినిపించు లాహ్!” అంది శాలిని.

“ఈ బిడ్డ నా ముద్దు చెల్లీ” అని చదివాను.

“పెళ్లినాడు ఈ కార్డు నా పూలచెండులో కట్టుకుంతాను” అంది, కళ్లు తుడుచుకుంటూ.

తర్వాత నీ మనసు మారిందనే అనుకుంటున్నాను. దాన్ని నువ్వు పెంచడం చూసినదాన్ని. చెండులోకి వేరే వాక్యంతో కార్డు మార్పిద్దామని, కట్టు తిరిగి తీసుకుని ఇంటికొచ్చి మిగతా ఉత్తరాలన్నీ వెతికాను. బిడ్డ ముద్దన్న మాట నువ్వెక్కడా రాయలేదక్కా.