మేనకోడలి బ్రష్షులు

ప్రియమైన అక్కకు,

మేమంతా బాగున్నాం. మీ నాటక కంపెనీ ఈ రెండు నెలలూ ఆ ఊళ్ళోనే ఉంటుందని నీ మరదలు చెప్పింది, అందుకే ఈ చిరునామాకి రాస్తున్నాను. సెలూన్‌లో కుర్చీకి కొత్త తోలు వేయించాను. ఆ ఒక్క కుర్చీ ముందు మిగతా సామానంతా పాతబడినట్టు కనిపిస్తోంది.

అసలు సంగతికొస్తాను. నీ మేనకోడలు బళ్ళో నాటకం వేస్తోంది. మేకప్ బ్రష్షులు కావాలంటోంది. బజారుకెళితే ఒక దుకాణంలో ఇరవై నాలుగు బ్రష్షులున్న డబ్బా చూపించారు. ధర వింటే కళ్ళు తిరిగాయి. పక్క దుకాణంవాడు అచ్చం అలాంటిదే పావు ధరకి ఇస్తానన్నాడు. రెండింటికీ తేడా ఏమిటో నాకు అంతుపట్టలేదు. ముప్ఫై ఏళ్ళుగా నటుల ముఖాలు దిద్దుతున్నదానివి. నా జేబుకి చిల్లు పడకుండా, పిల్ల చర్మం పాడవకుండా ఏవి కొనాలో నువ్వే చెప్పు.

ఫోన్‌లో అడగొచ్చనుకో. కాగితం మీదైతే దుకాణానికి పట్టుకెళ్ళొచ్చు కదా అని.

నీ తమ్ముడు

*

ప్రియమైన చిన్నోడికి,

నీ ఉత్తరం అందేటప్పటికి ఒక మహారాజుకి గడ్డం అతికిస్తున్నాను. నీ మీద ధ్యాసలో వంకరగా అతికించేశాను. ప్రేక్షకులెవరూ కనిపెట్టలేదులే.

ఆ ఇరవై నాలుగింటి డబ్బా జోలికి పోకు. అందులో ఇరవై ఒకటి ఊరికే పడుంటాయి. మూడు చాలు. క్రీము అద్దడానికి వేలెడు వెడల్పున్న చదునుది ఒకటి, మూలల్లోకి వెళ్ళేందుకు సన్నది ఒకటి, పైన పౌడరు వేయడానికి గుబురుగా ఉన్నది ఒకటి. క్రీముకి సింథటిక్ కుచ్చువే తీసుకో. జంతువుల వెంట్రుకలతో చేసినవి క్రీమంతా తాగేస్తాయి, ధరా ఎక్కువే.

ఇక చూడాల్సినవి. కుచ్చుని మణికట్టు లోపలివైపు తిప్పు, గుచ్చుకుంటే అక్కడే పెట్టెయ్. మెల్లగా లాగు. ఒకటో రెండో వెంట్రుకలు ఊడితే కొత్తదనుకో, అంతకంటే ఊడితే నమస్కారం పెట్టి వచ్చెయ్. పిడికీ కుచ్చుకీ మధ్య రేకు తొడుగు ఉంటుంది చూడు, దాన్ని తిప్పితే కదలకూడదు. అరచేతిలో నొక్కి వదిలితే కుచ్చు మళ్ళీ నిటారుగా లేవాలి. పిడి మీద మెరుపు చూసి మోసపోకు. డబ్బంతా అక్కడే పెట్టి, కుచ్చు దగ్గర పిసినారితనం చేస్తారు. బొమ్మలు గీసేవాళ్ళ సామాన్ల దుకాణంలో కూడా చూడు, మెత్తటి చదును బ్రష్షులు సగం ధరకే దొరుకుతాయి. నావి సగం అక్కడివే.

వారానికోసారి సబ్బునీళ్ళతో కడిగి, పడుకోబెట్టి ఆరబెట్టమను. నిలబెడితే నీళ్ళు తొడుగులోకి దిగి జిగురు వదిలేస్తుంది.

ఇంతకీ పిల్లది ఏ వేషం?

మీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నువ్వు చెప్పినట్టే బొమ్మలు గీసేవాళ్ళ దుకాణంలో రెండు, బజార్లో ఒకటి కొన్నాను. దుకాణంలో అందరి ముందూ మణికట్టు మీద బ్రష్షులు తిప్పుకుంటూ నిలబడితే, "చక్కిలిగిలి పెట్టుకుంటున్నారేంటండీ?" అంది అక్కడి అమ్మాయి. పౌడరు బ్రష్షు మొదటిరోజు నాలుగు వెంట్రుకలు రాల్చింది, తర్వాత కుదురుకుంది. చదునుది మాత్రం బంగారం.

ఇంకో రెండు సందేహాలు. చెమట పట్టినా పొద్దుణ్ణించి సాయంత్రం దాకా చెరగకుండా ఉండాలంటే ఏం చేయాలి? ఎదుటివాళ్ళు జానెడు దూరం నుంచి చూసినా తెలియకూడదు. ఇంకోటి, గీసిన వెంటనే క్రీము రాస్తే భగ్గున మండుతోంది. ఎంతసేపు ఆగాలి?

వేషం అంటే, ఏదో రాణి వేషమట.

నీ తమ్ముడు

*

ప్రియమైన చిన్నోడా,

నీ కూతురికి గడ్డం ఎప్పట్నుంచి మొలుస్తోంది?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి పగలబడి నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు. నాటకానికి వేసిన రంగు జానెడు దూరం నుంచి ఎవరూ చూడరు, పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఎవరూ ఉంచుకోరు. జానెడు దూరంలో మనుషుల్ని పెట్టుకుని పనిచేసేది నువ్వు. రెండేళ్ళుగా మీ ఇంటి ఫొటోలన్నీ నువ్వే తీశానంటున్నావు, ఒక్కదాంట్లోనూ నువ్వు లేవు. ఇప్పుడర్థమవుతోంది.

గీసుకున్నాక అరగంట ఆగు. చల్లటి తడిగుడ్డ అద్దుకో. క్రీముని పుయ్యకు, బ్రష్షు కొసతో తట్టు. పలచగా ఒక పొర, దాని మీద పౌడరు, మళ్ళీ ఇంకో పొర.

ఏం జరిగిందో రాయి. నేను ఏడవను. ఏడ్చినా నీకు కనిపించదు కదా.

మీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

తెల్లమచ్చలక్కా. మొదట పెదవి చివర మెంతిగింజంత. ఇప్పుడు ఎడమ కంటి చుట్టూ, మూతి చుట్టూ, చుబుకం మీదా ఉన్నాయి. అంటుకునేది కాదని, ఒంటికి ఏ ప్రమాదమూ లేదని డాక్టరు చెప్పారు. ఆ మాట సెలూన్‌కొచ్చే వాళ్ళందరికీ డాక్టరొచ్చి చెప్పరు కదా. ఒకాయన ఇంటి నుంచి తువ్వాలు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత ఆయనే రావడం మానేశాడు. బాగా తెలిసినవాళ్ళు నలుగురు నా ముందునుంచే పక్క వీధి సెలూన్‌కి వెళ్ళేవాళ్ళు. అప్పుడు రాశాను నీకు మొదటి ఉత్తరం, పిల్ల నాటకం వంకతో.

నీ దగ్గర ఎందుకు దాచానో కూడా చెప్తాను. నువ్వు రంగులు నేర్చుకున్నది నా ముఖం మీదే కదా. బొగ్గుపొడీ సుద్దముక్కలూ పెట్టి నన్ను కాసేపు ముసలాణ్ణి చేసేదానివి, కాసేపు దొంగని. "నీ ముఖం ఒక్కటుంటే చాల్రా, ఏ వేషమైనా కుదురుతుంది" అనేదానివి. ఆ ముఖం పాడైందని నీకు ఏ నోటితో చెప్పను?

నెలన్నర పాటు నీ బ్రష్షులతో నెట్టుకొచ్చాను. పొద్దున్నే నీ మరదలు నా చుబుకం పట్టుకుని అద్దేది. తన చెయ్యి నాకంటే నిలకడ. కొత్త మనుషులు రాసాగారు. గడిచిన గురువారం కరెంటు పోయింది. కుర్చీలో రిటైరైన లెక్కల మాస్టారు, కుడి బుగ్గ గీశాను, రెండో బుగ్గ నిండా నురుగు. చెమట ధారగా కారుతోంది. చేతి అలవాటు కొద్దీ తువ్వాలుతో ముఖం తుడిచేసుకున్నాను. అద్దంలో ఆయనా చూశారు, నేనూ చూశాను.

నా కత్తి ఆగిపోయింది. "అంటుకునేది కాదండీ," అన్నాను.

"నేనడిగానా?" అన్నారాయన. "నురుగు ఎండిపోతోంది, కానివ్వవయ్యా. సగం గడ్డంతో ఇంటికి పంపిస్తావా ఏంటి?"

బెంచీ మీద ఇద్దరున్నారు. ఒకడు పేపరు మడిచి బయటికెళ్ళిపోయాడు. రెండోవాడు లేవలేదు. మాస్టారి రెండో బుగ్గ అంత నెమ్మదిగా ఇంతవరకూ ఎవరికీ గీయలేదక్కా. పూర్తయ్యాక ఆయన చేత్తో తడిమి చూసుకుని, "ఎడమవైపే బాగా కుదిరింది," అని వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి రంగు అద్దుకోకుండానే సెలూన్‌కి వెళ్తున్నాను. జనం తగ్గారు, అబద్ధమాడను. ఉన్నవాళ్ళు మాత్రం నా ముఖంలోకి చూసే మాట్లాడుతున్నారు. బ్రష్షులు కడిగి పెట్టాను. నాకు ముచ్చటేసిన రోజు వాడుకుంటాను. భయం వేసిన రోజు వాటిని తాకనని నీ మరదలికి మాటిచ్చాను.

నీకు చెప్పాల్సింది అయిపోయింది. ఇక చూపించాల్సింది ఉంది. మంగళవారం సెలూన్‌కి సెలవు. మీ నాటకం లేని మంగళవారం చూసుకుని, పొద్దుటి బస్సుకి బయల్దేరి రా. బస్టాండులో టికెట్ల కిటికీ ఎదురుగా, వెలుతురున్న చోట నిలబడతాను. ఏమీ రాసుకోకుండానే వస్తాను.

నీ చిన్నోడు