షట్టరు ఎత్తు పెంచరాదు

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి తీసి రిటైరై, వీధి మొత్తానికి ఎక్స్‌రే అక్కగా మిగిలిపోయిన నేను, అరవై ఏడో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా సొంత ఇంట్లో, నా సొంత కుర్చీలో కూర్చుని, స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగానే ఉందని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను. నా తమ్ముడికి ఇంకా అనుమానాలుంటే డాక్టరుగారినే అడగవచ్చు. నన్ను మాత్రం అడగొద్దు.

1. పోయిన చలికాలంలో రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. నేను బతికున్నంతకాలం జీపు తాళం నా దగ్గరే ఉంటుందనీ, నేను పోయాక జీపును గ్యాస్ కటింగుతో ముక్కలు చేయించి వీధి చివరి తుక్కు కొట్టాయనకి ఇచ్చేయాలనీ, తమ్ముడికి ఒక్క పానా కూడా దక్కకూడదనీ అందులో రాశాను. ఆ మాటలేవీ ఇక చెల్లవు. చెల్లవని రాస్తుంటే గుండెల మీంచి బరువు దిగిపోయింది. పోయిన నెల వరకూ ఆ బరువుతోనే పడుకుని ఆ బరువుతోనే లేచాను.

2. ఈ వీలునామాను అమలుచేసే బాధ్యత నా మరదలికి, అంటే తమ్ముడి భార్యకి, అప్పగిస్తున్నాను. నేనూ తమ్ముడూ మాట్లాడుకోని రోజుల్లో పిట్టగోడ మీదుగా మాటలు మోసింది ఆమే. "వదినా, ఇనుము కోసే గ్రైండరు కావాలట" అని అటునుంచి, "ఇస్తాను, అడగడానికి నోరు కూడా తెచ్చుకోమను" అని ఇటునుంచి. ఒక్క మాట కలపలేదు, ఒక్క తిట్టు తగ్గించలేదు. ఈ పనికి ఇంతకంటే తగిన మనిషి నాకు కనబడలేదు. ఆ రోజుల్లో ఆమె టీ పోసి పంపిన స్టీలు ఫ్లాస్కు నా దగ్గరే ఉండిపోయింది. అది కూడా ఆమెకే చెందుతుంది. దీన్ని ఆస్తి పంపకంగా లెక్కించరాదు, ఎవరి వస్తువు వారికి ఇవ్వడమే.

3. వారసులు రేపు నన్ను తప్పుపట్టకుండా, జీపు సంగతి ఇక్కడే రాసి పెడుతున్నాను. జీపును వేలంలో కొన్నది నేను, కాగితాలు నా పేరిటే ఉన్నాయి. నడిపేది మాత్రం నా ఒక్కగానొక్క కూతురు. అమ్మాయి పశువుల డాక్టరు. కొండ మీద గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురొస్తే, తింటున్న కంచం పక్కన పెట్టి పరిగెత్తుతుంది. ఆ రాళ్ళ దారిలో జీపు కడుపు నేలకి కొట్టుకోకుండా ఉండాలని నేనూ తమ్ముడూ ఇంటి వెనక షెడ్డులో దాన్ని ఎత్తు చేశాం. బరువుకి కుంగి లేచే కమాన్ పట్టీలు మార్చాం, షాకులు మార్చాం, కమాన్లను పట్టి ఉంచే బ్రాకెట్లు జీపుకి వెన్నెముకలాంటి చాసిస్‌కి కొత్తగా వెల్డింగు చేశాం. బోల్తా పడినా తల పగలకుండా పైన ఇనప గొట్టాల చట్రం కట్టి, దాన్ని కూడా వెల్డింగుతోనే బిగించాం. అన్నిటికీ అనుమతి కాగితాలున్నాయి, బీరువా పై అరలో చూడండి.

షెడ్డు షట్టరు ఎత్తు కొలవలేదా అని నన్ను అడగనివాడు ఈ వీధిలో లేడు. కొలిచాం నాయనా, కొలిచాం. కాకపోతే కొలిచిన రోజున జీపు చక్రాలు ఊడదీసి స్టాండ్ల మీద ఉంది. చక్రాలు వేస్తే ఎంత పెరుగుతుందో తమ్ముడు నోటితోనే కూడాడు, పాత చక్రాల లెక్కన. పెద్ద టైర్లు తొడిగి కిందికి దించేసరికి పై గొట్టం షట్టరు పైనున్న సిమెంటు దూలం కంటే నాలుగు వేళ్ళు ఎత్తుగా నిలబడింది. బయటికి రాదు. తమ్ముడు సమ్మెట పట్టుకుని దూలం పగలగొడతానని లేచాడు. ఆ దూలం మీదే, షెడ్డు పైన, నా పడకగది ఉంది.

"అందరూ ఎక్కి కూర్చుంటే కమాన్లు కుంగవా?" అంది మరదలు, టీ గ్లాసులు తీస్తూ. అంతే, టైర్లలో కాస్త గాలి తీసి, రెండిళ్ళవాళ్ళం, ఎదురింటి హెడ్‌మాస్టరమ్మగారు, తుక్కు కొట్టాయన, అందరం ఒకరి మీద ఒకరం ఎక్కాం. తుక్కు కొట్టాయన ఒక్కడే ముగ్గురి పెట్టు. జీపు కుంగింది, బయటికి వచ్చింది. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకి ముందు నాకు మాత్రం సీటు కింద "టిక్" మని వినబడింది.

"షట్టరు చప్పుడులే అక్కా" అన్నాడు తమ్ముడు. విరిగిన ఎముకల మధ్య జీవితమంతా గడిపినదాన్ని, షట్టరుకీ విరుపుకీ తేడా తెలియదా నాకు? బ్రాకెట్టు పక్కన చాసిస్ మీద కిరసనాయిలు రాసి, కాసేపాగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాను. చీలిక ఉంటే అందులో దూరిన కిరసనాయిలు మళ్ళీ బయటికొచ్చి సుద్దని తడుపుతుంది. తెల్లటి సుద్ద మీద వెంట్రుకలాంటి నల్లగీత తేలింది. కొండ మలుపులో చాసిస్ రెండు ముక్కలైతే అందులో ఉండేది నా బిడ్డ.

తమ్ముడు గీతను చూశాడు. "సుద్ద తడిగా ఉందేమో" అన్నాడు. దాంతో మా మధ్య మాటలు తెగిపోయాయి. తాళం నా పెట్టెలోకి వెళ్ళింది. పాత వీలునామా పుట్టింది.

4. అమ్మాయి నన్ను పల్లెత్తు మాట అనలేదు. స్కూటరు మీద మందులపెట్టె కట్టుకుని కొండెక్కడం మొదలుపెట్టింది. పోయిన నెల కంకర మీద జారిపడి చేతికి కట్టుతో ఇల్లు చేరింది. ఎముక విరగలేదు, బెణికింది. ఫిలిం నేనే పట్టుకుని చూశాను. మర్నాడు పొద్దున్నే తమ్ముడు పిట్టగోడ దూకి వచ్చాడు, ఈ వయసులో, గ్రైండరు చంకన పెట్టుకుని. "ముందు తాళం ఇయ్యి అక్కా, తర్వాత తిట్టుకో" అన్నాడు. తాళం ఇచ్చాను. తిట్లు వాయిదా వేశాను, మాఫీ చేయలేదు.

ఆ పని ఎలా చేశాడో రాయకపోతే నాకు నిద్ర పట్టదు. చీలిక రెండు కొసల దగ్గరా చిన్న కన్నాలు వేశాడు, గీత ఇంకా ముందుకు పాకకుండా. గీత పొడవునా గాడి తీసి వెల్డింగుతో నింపి, పైన మందపాటి ఇనప పలక వేశాడు. పలక కొసల్ని గాలిపటంలా కోణంగా కోశాడు. చాసిస్‌కి అడ్డంగా, తిన్నగా వెల్డింగు పెడితే మళ్ళీ ఆ గీత పక్కనే విరుగుతుందట. రెండో వైపు ఏ విరుపూ లేకపోయినా అక్కడా పలక వేశాడు. నేను లైటు పట్టుకుని పక్కనే కూర్చున్నాను. ఇద్దరం ఆ రోజంతా "ఇటు", "అటు", "చాలు" తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. చాలా సుఖంగా గడిచింది.

తర్వాత, బరువుకి ఆగుతుందో లేదో చూడడానికి, మళ్ళీ అందరం ఎక్కాం. తుక్కు కొట్టాయన కావాలని ఒకసారి ఎగిరి కూర్చున్నాడు. ఏ చప్పుడూ రాలేదు. అమ్మాయి చెయ్యి బాగయ్యాక, వెనక నీళ్ళ డబ్బాలు నింపుకుని, పక్కన మావయ్యను కూర్చోబెట్టుకుని కొండెక్కి దిగింది. రాగానే కిరసనాయిలు రాశాను, తుడిచాను, సుద్ద చల్లాను. ఒక టీ తాగేంతసేపు చూశాం. ఇంకో టీ తాగాం. సుద్ద తెల్లగానే ఉంది. నేను షెడ్డు ముందు నేలమీదే కూలబడి ఏడ్చాను. తమ్ముడు నా పక్కనే కూర్చుని, "ఇప్పుడు సుద్ద తడుస్తుందే అక్కా, అటు తిరిగి ఏడువు" అన్నాడు.

5. కాబట్టి నా తదనంతరం:

(అ) ఇల్లూ, అందులోని సామానూ, జీపూ సర్వహక్కులతో నా కూతురికి చెందుతాయి. కొండ మీద రెండో గేరు దాటితే మాత్రం నేను ఎక్కడున్నా ఊరుకోను.

(ఆ) షెడ్డునూ అందులోని పనిముట్లనూ తమ్ముడు బతికున్నంతకాలం వాడుకోవచ్చు. నా తోలు చేతితొడుగులు కూడా అతనికే. వేళ్ళు బిగుతుగా ఉంటాయి, ఓర్చుకోవాలి.

(ఇ) రిటైరైన రోజున ఆసుపత్రివాళ్ళు నాకిచ్చిన, ఫిలిములు చూసే లైటు డబ్బా తమ్ముడికే. షెడ్డు గోడకి బిగించుకోవాలి. చూపు ఆనక కాదు తమ్ముడూ, కనబడినదాన్ని ఒప్పుకోవడానికి నీకు కాస్త వెలుతురు ఎక్కువ కావాలి.

6. షట్టరు ఎత్తు ఎవరూ, ఎప్పుడూ, ఏ కారణంతోనూ పెంచరాదు. జీపు రోజూ బయట రేకుల కింద ఉండవచ్చు. కానీ ఏటా వానలకు ముందు ఒకసారి దాన్ని షెడ్డులోకి తెచ్చి, తమ్ముడూ అమ్మాయీ కలిసి కిందికి దూరి, ప్రతి వెల్డింగు దగ్గరా సుద్ద చల్లి చూడాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే జీపు బయటికి రావాలి. లోపలికి తేవాలన్నా బయటికి తేవాలన్నా అందరూ ఎక్కక తప్పదు. అలిగినవాళ్ళు కూడా. నేను షట్టరు జోలికి వెళ్ళనివ్వనిది అందుకే.

నేను పోయిన మొదటి ఏడాది నా బరువు తగ్గి, పై గొట్టం దూలానికి తగలవచ్చు. తమ్ముడూ, అప్పుడు సమ్మెట కోసం వెతకకు, టైర్లలో ఇంకా గాలి తీయకు. వీధిలోకి వెళ్ళి ఎవరినైనా పిలుచుకొచ్చి నా చోట కూర్చోబెట్టు.

జూన్ నెల మొదటి ఆదివారం, ఇంకా వాన పడకముందు, షెడ్డులో, జీపు బానెట్ మీద కాగితం పెట్టి చేసిన సంతకం.

(సంతకం) ఎక్స్‌రే అక్క

సాక్షులు:

ఎదురింటి హెడ్‌మాస్టరమ్మ. అన్నీ చదివాను. అక్షరదోషాలు రెండు దిద్దాను.

వీధి చివరి తుక్కు కొట్టు యజమాని. పాత వీలునామాలో జీపు నాకు రాశారు గనక అప్పుడు సాక్షి సంతకానికి పనికిరానన్నారు. ఇందులో నాకేమీ రాలేదు గనక సంతోషంగా పెడుతున్నాను. వచ్చే ఏడాది కూడా ఎక్కుతాను.