షుగరు సూదికి ఆధార్ ఎందుకు?

యేసు మరియ జోజప్పలు మన ఇంటికి తోడుండాలి.

ప్రియమైన అమ్మకు,

ఇక్కడ నేను క్షేమమే. అక్కడ నువ్వూ క్షేమమని ఎప్పటిలా రాసేద్దామంటే ఈసారి చెయ్యి ఆడడం లేదు. మన వీధిలోనే ఇద్దరు పోయారని విన్నప్పటి నుంచి తమ్ముడి దగ్గర్నుంచి ఫోన్ వస్తే చాలు, ఏం వినాల్సొస్తుందోనని భయమేస్తోంది. ఫోన్లో నీకు సరిగ్గా వినపడదు, నేను అరిస్తే వార్డంతా వింటుంది. అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం మన ఊరి చీనీకాయల బండి ఆంజి తెచ్చి ఆస్పత్రి గేటు దగ్గర ఇచ్చిపోయాడు. కర్ఫ్యూ పెట్టేలోపు కాయలు మండీలో దించుకుని తిరిగి మన యాడికి ఊరు చేరాలని ఒకటే తొందర పాపం. దీన్ని కూడా అతని చేతికే ఇస్తాను.

తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. మఠం సిస్టర్లు మా నర్సులకూ కలిపి అక్కడే వండిస్తున్నారు. నిన్న ఉగ్గాని చేశారు. బొరుగులు గంటసేపు నానబెట్టి గుజ్జు చేసి పెట్టారు, కేరళ సిస్టరుకు చెప్పేదెవరు! వార్డులో ఆ పీపీఈ కిట్టు తొడుక్కున్నాక నీళ్లు తాగడానికి లేదు, అదొక్కటే కష్టం. మాస్కు ఒరుసుకుని ముక్కు మీద పుండు పడింది. నువ్వు పంపిన కొబ్బరినూనె రాసుకుంటున్నాను.

ఇక రెండో సంగతి. చంపిన పసిబిడ్డలతో కరోనా టీకా చేస్తున్నారని మన గుడి ఉపదేశి ఫోన్లో చూపించాడని, నిజమా అని అడిగావు. అంతా అబద్ధమని ఒక్క ముక్క రాసేస్తే నీకూ నెమ్మది, నాకూ నెమ్మది. కానీ పూర్తి అబద్ధం కాదమ్మా. దాదాపు యాభై ఏళ్ల కిందట, ఏదో దేశంలో, పుట్టకుండానే పోయిన ఒక బిడ్డ నుంచి కణాలు తీశారు. గర్భం తీసేయించుకున్నారనే అంటారు. ఆ కణాలనే ల్యాబుల్లో పెంచుకుంటూ వస్తున్నారు. మా దగ్గరికొచ్చే టీకా తయారీలో వాటిని వాడతారు. టీకా కోసమని ఏ బిడ్డనూ చంపలేదు. ఒంట్లోకి ఎక్కే మందులో ఆ బిడ్డ ఉండదు. ఇంకో రకం టీకా ఉందంటారు గానీ మా ఆస్పత్రికి రావడం లేదు. వేరేది దొరకనప్పుడు ఇది వేయించుకోవడం పాపం కాదని రోమ్ నుంచే మాట వచ్చింది. మన గుడి విచారణ ఫాదరును అడుగు, ఆయనా అదే చెప్తారు. నేను వేయించుకున్న రోజు ఆ బిడ్డ పేరన ఒక పరలోక జపం చెప్పుకుని చెయ్యి చాపాను. పేరు కూడా లేదు కదా దానికి, పాపం.

నీ భయాన్ని ఎవరైనా మూఢనమ్మకమంటే నాకు ఒళ్లు మండుతుంది. తమ్ముడు చిన్నప్ప కడుపులో ఉన్నప్పుడు నీకు బీపీ పెరిగి, బిడ్డను తీసేయకపోతే నువ్వు దక్కవని డాక్టరమ్మ చెప్పింది. "బిడ్డను తీసి నన్ను బతికిచ్చొద్దమ్మా" అన్నావు. నేను మంచం కోడు పట్టుకుని వింటూ నిలబడ్డాను. ఏమీ తెలియక నువ్వు టీకా వద్దంటున్నావని నేను అనుకోవడం లేదు.

కానీ నీ తిరుగుళ్లేంటి? మే నెల జపమాలకని ఇంటింటికీ పోతున్నావంట, మాస్కు గడ్డం కిందికి లాగి పాటలు కూడా పాడుతున్నావంట. ఒంట్లో షుగరు పెట్టుకుని ఏం పనులమ్మా ఇవి? మరియమాత నీ ఇంట్లో కూర్చుని చెప్తే వినదా?

తిట్టేసి, మూడో సంగతి తప్పించుకుందామని చూస్తున్నాను. ఇంక రాయక తప్పదు. "మాత్రలతోనే బాగుండాది కదా, ఆదివారం సూదికి రమ్మంటాండావు, షుగరు సూదికి ఆధార్ కార్డు ఎందుకే?" అని రాశావు. నువ్వు పోలీసు పనిలో చేరాల్సినదానివి.

అది షుగరు సూది కాదమ్మా. ఆ టీకానే.

చిన్నప్ప ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ చెప్తే వినే రకం కాదు. షుగరు సూది అని చెప్పి ఏసెయ్. మంచికే కదా. పోయినాక ఏడ్చుకుంటా కూచుందామా?" అన్నాడు. సరేనన్నాను. నీకు కబురు పంపింది నేనే, నీ పేరు రాయించిందీ నేనే. వాడి మీద తోసేయను. వార్డులో రోజూ జరుగుతున్నవి చూస్తుంటే, నీకు ఎలాగోలా మందు పడితే చాలనిపించింది.

మొన్న శింగనమల నుంచి వచ్చిన కొండప్ప అనే గొర్రెల కాపరికి సూది వేయబోయాను. ఆక్సిజన్ మీద ఉన్న మనిషి, నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "ఏం సూది పాపా అది? ఆస్పత్రిలో సూదేసి చంపేస్తాండారంట కదా. నిజం చెప్పు" అన్నాడు.

"రక్తం గడ్డ కట్టకుండా వేసేది పెద్దాయనా. పొట్ట మీద వేస్తాను, మంట పుడుతుంది" అన్నాను.

"పుడితే పుట్టనీలే. చెప్పినావు కదా, ఏసెయ్" అని చెయ్యి వదిలేశాడు.

వేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఆయన అడిగాడు. నా ఎదుట కూర్చున్నాక నువ్వైతే అడగవు కూడా. నా బిడ్డ నర్సు అని చెయ్యి చాపి, కళ్లు మూసుకుని మంగళవార్త జపం మొదలుపెడతావు. అది తలుచుకుంటే సిగ్గేసి ఏడుపొచ్చింది.

ఇలా రాస్తున్నానని చిన్నప్పకు చెప్పాను. "నీ నీతులు నీ దగ్గరే పెట్టుకో. అమ్మకేమన్నా అయితే నీదే పూచీ" అని ఫోన్ పెట్టేశాడు. వాడన్నదీ తప్పు కాదు. ఈ ఉత్తరం చూసి నువ్వు రాకపోతే, రేపు నిన్ను ఇదే వార్డులోకి మోసుకొస్తే, నేనేం చేయాలి? కొండప్ప ఇంకా ఆక్సిజన్ మీదే ఉన్నాడు. మంచాలు ఖాళీ లేవు.

ఆదివారం పొద్దున్నే ఆంజి బండి మనింటి ముందు ఆగుతుంది. ఎక్కేదైతే తెలిసే ఎక్కు. రాకపోతే కోప్పడనని మాటివ్వలేను. కోప్పడతాను, ఏడుస్తాను, మళ్లీ ఉత్తరం రాసి సతాయిస్తాను. నీ చేతికి మాత్రం దొంగసూది వేయను. ఆ రోజు కడుపులో ఉన్న చిన్నప్ప కోసం చావడానికి కూడా సిద్ధపడ్డావు. ఆ బిడ్డా నేనూ ఇప్పుడు నిన్ను బతకమని బతిమాలుతున్నాం, అంతే అమ్మా.

గేటు దగ్గర నిలబడి ఉంటాను. ఆధార్ కార్డు సంచిలో పెట్టుకుని దిగావంటే, ఎందుకో తెలిసే తెచ్చావనుకుంటాను.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పబోయిన పెద్దబిడ్డ,
సుజాత