గదులు ఖాళీ చేయండి

జూన్ 3

పందొమ్మిదేళ్లుగా ఒకటే ప్రశ్న. ఉప్పెన వచ్చిన రోజు నాన్న కొండ మెట్ల దాకా వచ్చి, మళ్లీ లాడ్జ్‌కి ఎందుకు వెళ్లారు? తిరిగి రాలేదు. గొడుగు మర్చిపోతే తడుస్తూ పోయేవారే గానీ, దేనికీ వెనక్కి తిరిగే మనిషి కాదు. అక్క ఆ మాటే ఎత్తనివ్వదు.

నాన్న నడిపిన లాడ్జ్ ఇప్పుడు అక్కది. పన్నెండు గదులు. చిన్నప్పుడు ముందున్న ఇసుకలో వాలీబాల్ ఆడేవాళ్లం. ఇప్పుడు నాలుగు కుర్చీలు వేస్తే కాళ్లకి నీళ్లు తగులుతాయి. ప్రమాదం వస్తే టూరిస్టుల్ని ఎలా తప్పించాలో బీచ్ హోటళ్లవాళ్లకి నేర్పడం నా ఉద్యోగం. మొదటి మాక్ డ్రిల్ అక్క దగ్గరే. నా గెస్టులు జడుసుకుని పారిపోతే నీ ఇంట్లో వచ్చి కూర్చుంటానే అంది.

జూన్ 9, మధ్యాహ్నం 12

నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

మైకులో చెప్పే ముక్క నేనే రాశాను: "దయచేసి వెంటనే గదులు ఖాళీ చేయండి." రెండు డిగ్రీలు చదివి రాసిన వాక్యం. సైరన్ మోగింది. కొండవైపు ఒక్కరూ నడవలేదు. సూట్‌కేసులు సర్దుకుని, తాళంచెవులు పట్టుకుని రిసెప్షన్ ముందు లైన్ కట్టారు! చెకౌట్‌కి ఇంకా గంట ఉందిగా, ఈ గెంటేయడం ఏంటండీ అని ఒక కొత్త పెళ్లికొడుకు అక్క మీద గయ్యిమన్నాడు. అందరూ కొండెక్కేసరికి ఇరవై ఆరు నిమిషాలు. నిజంగా ఉప్పెనొస్తే నీళ్లు పది నిమిషాల్లో వచ్చేస్తాయి.

వాళ్ల తప్పేముంది? లాడ్జ్‌లో ఖాళీ చేయడమంటే అదే కదా.

సాయంత్రం

వంటాయన నాన్న కాలం మనిషి. టీ ఇస్తూ, అప్పుడూ ఇదే మాటమ్మా అన్నాడు. జీపులో మైకు: ఖాళీ చేయండి, ఖాళీ చేయండి. అప్పుడూ లైన్ కట్టి తాళంచెవులు ఇచ్చారట. పదకొండే వచ్చాయి. మెట్ల దగ్గర నాన్నకి గుర్తొచ్చిందట, ఏడో నంబర్ రాలేదురా, మనిషి లోపలే ఉన్నాడేమో అని. ఆ మనిషి తాళంచెవి జేబులో వేసుకుని అప్పటికే కొండ మీదున్నాడు.

ఇన్నేళ్లూ చెప్పలేదేమంటే, మీరెవరూ నన్ను అడగలేదుగా అన్నాడు.

నిజమే. అందరినీ అడిగాను. వంటింట్లోకి మాత్రం వెళ్లలేదు.

జూన్ 10

అక్కకి చెప్పాను. రిసెప్షన్‌లో తాళంచెవులు తగిలించే మేకుల బోర్డు దింపి గోడవైపు తిప్పి పెట్టింది.

జూన్ 14

కొత్త వాక్యం: "సామాను వదిలేయండి. తలుపు బయట టవల్ తగిలించి కొండెక్కండి." టవల్ ఉందంటే గదిలో ఎవరూ లేరని. ఐడియా అక్కది. రెండు డిగ్రీలకి తట్టలేదు.

జూన్ 21

రెండో డ్రిల్. ఏడు నిమిషాలు! పై నుంచి టవళ్లు లెక్కపెట్టాం. పదకొండు. నాలుగో గదికి లేదు. నేను స్టాప్‌వాచ్ ఆపేలోపు అక్క సగం మెట్లు దిగేసింది.

నాలుగో గది పెద్దావిడ నా పక్కనే ఉంది. టవల్ తలకి చుట్టుకుంది. ఎండ మాడ్చేస్తోంది తల్లీ అంది.

అక్కని తిట్టాను. డ్రిల్లే కదే అంది. నిజమైతే వెళ్లవా అన్నాను. లోపల పడుకుని ఉంటే? అని ఎదురడిగింది.

జూన్ 23

"టవల్ లేకపోయినా ఎవరూ వెనక్కి వెళ్లకండి" అని చివర్లో చేర్చాను. అక్క కొట్టేసింది. మళ్లీ రాశాను.

గదుల్లో అతికించే కాగితం రేపు ప్రింటింగ్‌కి ఇవ్వాలి. నాన్న ఎందుకు వెళ్లారో తెలిసింది. వెళ్లకుండా ఉండాల్సిందా? ఆ వాక్యం ఉంచాలో తీసేయాలో తేల్చుకోలేకపోతున్నాను.