పెరటి మందారం రంగు

అమ్మాయికి,

మీరిప్పుడుంటున్న వాటాలో మొన్నటిదాకా ఉన్న రిటైర్డ్ బస్సు డ్రైవర్ని. ఆశీస్సులతో రాస్తున్నాను. పెరట్లో బట్టలుతికే రాయి పక్కన, పత్తి ఆకుల్లాంటి ఆకులతో ఒక ముద్దమందారం ఉంది చూడండి. పోయిన మా ఆవిడ నాటింది. తవ్వి తెస్తే చచ్చిపోతుందని వదిలేసి వచ్చాను. ఇక్కడ మా చెల్లెలింట్లో ఆవిడ గుర్తుగా ఒక ఫొటో తప్ప నాకేమీ లేదు. దయచేసి ఒక కొమ్మ పంపగలరా? లేతది వద్దు. పెన్సిలంత లావున్న ముదురు కొమ్మ కణుపు కింద ఏటవాలుగా కోసి, తడిగుడ్డ చుట్టండి. పూత అయిపోయాక మొక్కని మోకాలెత్తుకి నరికేయండి. జాలిపడకండి, మళ్లీ గుబురుగా వస్తుంది.

ఇట్లు,
పాత అద్దెదారు

తా.క.: పిండినల్లి పడితే సబ్బునీళ్లు కొట్టండి. ఇంటి ఓనరు సలహా మాత్రం వినకండి. నిమ్మచెట్టు ఆయన సలహాతోనే పోయింది.

*

పెద్దవారికి నమస్కారాలు.

నేను పత్రికాఫీసులో రాత్రిపూట ప్రూఫులు దిద్దుతాను. చీకటితోనే ఇల్లు చేరి పడుకుంటే మళ్లీ లేచేది సాయంత్రం టీ వేళకే. లేవగానే కప్పు పట్టుకుని మీ మొక్క దగ్గరే కూర్చుంటాను. ఎంత ఎర్రగా పూస్తోందో! ఆవిడ చెయ్యి మంచిదండీ. మీరు చెప్పినట్టే కోసి కొమ్మ పంపుతున్నాను.

ఉంటాను,
కొత్త అద్దెదారు

తా.క.: మీ ఉత్తరంలో తప్పులు దిద్ది పెట్టాను. అలవాటు. ఏమీ అనుకోకండి.

*

కొత్త అద్దెదారుకి,

ఎర్రగానా? మా ఆవిడ మందారం పాలంత తెలుపు. రిటైరైన మర్నాడే ఇల్లు ఖాళీ చేశాను. అప్పటిదాకా ఆదివారాలు కూడా పొద్దుటి బస్సు తీసేవాణ్ణి. చీకటి పడ్డాకే ఇంటికొచ్చినా, రోజూ తెల్లారగానే దాని పక్కన నిలబడి పళ్లు తోముకున్నవాణ్ణి. నాకు తెలీదా? నా మొక్క పీకేసి, నర్సరీ నుంచి ఎర్రది తెచ్చిపెట్టారన్నమాట! కొత్తగా దిగినవాళ్లు గోడలకి మేకులు కొడతారు, సరే. పోయిన మనిషి మొక్క ఏం చేసిందమ్మా మిమ్మల్ని? మీ కొమ్మ మీకే తిప్పి పంపుతున్నాను.

ఇట్లు,
పాత అద్దెదారు

తా.క.: ఇందులో తప్పులుంటే ఉండనివ్వండి. అవి నావి.

*

అయ్యా,

ఆ మొక్కని కొమ్మ కోయడానికి తప్ప నేను ముట్టుకోలేదు. అదీ మీరడిగితేనే. ఇప్పుడే మళ్లీ వెళ్లి చూసొచ్చాను. ఎరుపు. అనుమానానికి మందు లేదు. మీరు తిప్పి పంపిన కొమ్మని గ్లాసు నీళ్లలో పెట్టాను. దానికి మన గొడవతో పనిలేదు కదా.

నమస్కారాలతో,
కొత్త అద్దెదారు

తా.క.: ఎరుపు కనపడని మీరు ఇన్నేళ్లు సిగ్నళ్ల దగ్గర ఏం చేశారో తలుచుకుంటే నాకు గుండెదడగా ఉంది.

*

అమ్మాయికి,

ఓనరుకి రాసి అడిగాను. నీళ్ల మోటారు చూడ్డానికి మిట్టమధ్యాహ్నం వచ్చినప్పుడు చూశాడట. గులాబీరంగు అంటున్నాడు! ఇంతకీ అక్కడెన్ని మొక్కలు మార్చారు? నాకు రంగుతో పేచీ లేదమ్మా. ఆవిడ చేత్తో నాటింది ఇంకెక్కడా లేదంటే తట్టుకోలేకపోతున్నాను. పీకేసుంటే పీకేశానని చెప్పండి. ఎదురుచూడటం మానేస్తాను.

ఇట్లు,
పాత అద్దెదారు

తా.క.: కళ్లు పరీక్ష చేయించుకున్నాను. భేషుగ్గా ఉన్నాయి. డాక్టరు సర్టిఫికెట్టు జతచేశాను.

*

పెద్దవారికి నమస్కారాలు.

నన్ను క్షమించండి. మొన్న మా ప్రెస్సులో యంత్రం చెడి సెలవిచ్చారు. రాత్రంతా నిద్రపోయి, తెల్లారగానే పెరట్లోకి వెళ్లాను. పూలన్నీ తెల్లగా ఉన్నాయి! మీరే గోడ దూకి మార్చేశారేమో అనుకున్నాను. స్టూలు వేసుకుని అక్కడే కూర్చున్నాను. పొద్దెక్కేకొద్దీ అవే పూలు గులాబీరంగుకి తిరిగాయి. సాయంత్రానికి ఎర్రబడ్డాయి. మా ఆఫీసులో మొక్కల గురించి రాసే పెద్దాయన్ని అడిగితే, ఆ జాతే అంత అన్నారు. మీ మొక్క మీదేనండీ. గ్లాసులో కొమ్మకి వేళ్లొచ్చాయి. పంపుతున్నాను. ఎండ తగిలేచోట, నీళ్లు నిలవకుండా నాటుకోండి.

ఉంటాను,
కొత్త అద్దెదారు

తా.క.: ఓనరు చెప్పింది కూడా నిజమే. ఆయన జీవితంలో ఇది మొదటిసారి అయ్యుంటుంది.

*

అమ్మాయికి ఆశీస్సులు.

కొమ్మ అందింది. నాటాను. చిగురేసింది. నిన్ను నానా మాటలూ అన్నాను, మనసులో పెట్టుకోకు తల్లీ.

రోజూ పొద్దున్నే నేను "ఎంత తెల్లగా ఉన్నాయే నీ పూలు!" అనేవాణ్ణి. మా ఆవిడ "అవునండీ, తెల్లగానే ఉన్నాయి" అని నవ్వేది. మెచ్చుకున్నందుకు మురిసిపోతోందనుకున్నాను. డిపోలో అందరికీ మా తెల్ల మందారం గురించి గొప్పలు చెప్పుకున్నాను. ఒక్కసారైనా అసలు సంగతి చెప్పొచ్చు కదా! పెందలాడే ఇంటికొచ్చి నా అంతట నేనే చూస్తానని కాచుకుందేమో. అడుగుదామంటే మనిషి లేదు. నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడ్చేశాను.

ఇట్లు,
మీ బాబాయి అనుకో

తా.క.: ఇక్కడ మా చెల్లెలి మొగుడు పొద్దున్నే కొట్టుకెళ్లి రాత్రికి గానీ రాడు. మొదటి పువ్వు పూసిన రోజు కొట్టు మూయిస్తాను. కాళ్లు కట్టేసైనా సరే, సాయంత్రందాకా దాని పక్కన మా చెల్లెలితో కూర్చోబెడతాను.